చన్నీళ్ళు

బల్లరాట్‌లో జూలై చలి.
స్కూలు లైబ్రరీలో హీటరు ముందు మేం ముగ్గురం:
ప్లంబరు ట్రెవర్, వయొలిన్ నేర్పే మోయిరా,
లాండ్రీ నడిపే నేను.
తొమ్మిదో తరగతి పిల్లల సినిమా రాత్రికి
ఈ బొమ్మ పనికొస్తుందో రాదో
ముందుగా మేం చూసి చెప్పాలట.
తలా ఒక కాగితం చేతిలో పెట్టారు.
రక్తం, బూతులు, మత్తు, భయం.
ఒక్కోదానికి ఐదు మార్కులు.

కథకేముంది.
మంచులో చిక్కుకుపోయిన హాస్టలు,
పదకొండు మంది పిల్లలు,
వాళ్ళలోనే ఒకడి చేతిలో వంటింటి కత్తి.
డబ్బాలో జంతికల్లా
ఒక్కొక్కరే తగ్గిపోతుంటారు.

మొదటి చావుకి మోయిరా
ఉన్ని స్కార్ఫు కళ్ళకడ్డం పెట్టుకుంది,
అల్లిక సందుల్లోంచి మాత్రం చూస్తూనే ఉంది.
మూడో చావుకి ట్రెవర్ బిస్కట్ కొరికి
"ఆ పైపు అలా పగలదు, అంతా అబద్ధం" అన్నాడు.

నేను చొక్కాలు చూస్తూ కూర్చున్నాను.
ఇరవై రెండేళ్ళుగా నా చదువు అదే.
ఆసుపత్రి దుప్పట్లు, ఫుట్‌బాల్ క్లబ్బు జెర్సీలు.
ముక్కులోంచి కారిందో మోకాలు చీరుకుపోయిందో
మరక అంచు చూసి చెప్పగలను.
నెత్తురుకి వేడినీళ్ళు తగలకూడదు.
తగిలాయా,
దారం ఉన్నన్నాళ్ళూ ఉంటుంది.
చన్నీళ్ళు, గుప్పెడు ఉప్పు, ఓపిక.

తెరమీద నాలుగో పిల్ల పోయింది.
ఆమెను ఒళ్ళో పెట్టుకున్న కుర్రాడు
మోచేతుల దాకా తడిసిపోయాడు.
తర్వాతి సీనులో వాడే
తెల్లచొక్కా, దువ్విన జుట్టు,
ఎవరిమీదో జోకు.
ఎవరు ఉతికారయ్యా ఆ చొక్కా?
ఏ సింకు దగ్గర నిలబడి?
గోళ్ళ సందుల్లో ఏమీ మిగల్లేదా?

చివరికి తొమ్మిది మంది పోయారు.
ఒక్క ఇంట్లో ఫోను మోగలేదు.
ఏ తల్లీ పొయ్యి కట్టేయడం మరిచి పరిగెత్తలేదు.
పేర్లు పడ్డాయి, పాట మొదలైంది.

కిందటేడు ఒకావిడ నా కౌంటరు మీద
స్కూలు స్వెట్టరు పెట్టింది, ప్లాస్టిక్ సంచిలో.
స్టేషను పక్క కారు పార్కులో గొడవ,
ఇద్దరికీ పదిహేనేళ్ళు.
పిల్లాడు బతికాడు. ఎడమచేతి మూడు వేళ్ళు కదలవు.
ఆవిడ అప్పటికే ఆ స్వెట్టరుని
మరిగే నీళ్ళలో ముంచేసింది,
కంగారులో, ఎవరైనా చూస్తారని.
నాలుగుసార్లు ప్రయత్నించి తిరిగిచ్చేశాను.
డబ్బులు తీసుకోలేదు.
దాన్ని మడిచి, తట్టి,
నిద్రపోయే బిడ్డలా ఎత్తుకుపోయింది.

"ఫోనుల్లో ఇంతకన్నా ఘోరాలు చూస్తున్నారు, చూడనీ" అంటాడు ట్రెవర్.
"వద్దు" అంటుంది మోయిరా.
ఇక ఇద్దరూ నా వైపు.
రక్తం గడిలో ఎంత వెయ్యను?
ఎక్కువైందనా? తక్కువైందనా?
ఖాళీ గడుల పక్కన, అంచులో రాశాను:
చొక్కా ఎవరు ఉతికారు?
ట్రెవర్ వంగి చదివి
"దీనికి గడి లేదుగా" అన్నాడు.
నవ్వలేదు.

రాత్రి దుకాణం వెనక ఉదితతో చెప్పాను,
సినిమా పేరు దాచకుండానే.
"చూసేశానమ్మా" అంది, "ఈడెన్ వాళ్ళింట్లో. రెండుసార్లు."
నా చేతిలో హ్యాంగరు ఆగింది.
"ఐదోవాడు పోయినప్పుడు నవ్వొచ్చింది.
నవ్వినందుకు తర్వాత భయమేసింది."
కాసేపటికి
"మరి పాస్ చేశావా, ఫెయిల్ చేశావా?"

శనివారం మ్యాచ్ జెర్సీ ఒకటి తీసి దాని చేతికిచ్చాను.
కాలరు కింద బొటనవేలంత మరక.
కుళాయి తిప్పింది. చన్నీళ్ళే.
వేళ్ళు ఎర్రబడ్డాయి.
"ఎంతసేపు?"
"నీళ్ళ రంగు మారడం ఆగేదాకా."